పట్టేసిన పిస్టన్, దొంగ గాలి: స్కి-డూ 503 టాప్ ఎండ్ డైరీ

నవంబర్ మొదటి వారం

బండి గరాజ్‌లోకి వచ్చేసింది. స్కి-డూ స్కాండిక్ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి), వెడల్పు ట్రాక్ మోడల్, 1990ల చివరిది. మేముండే డులూత్ చుట్టుపక్కల, అంటే మినసోటా ఉత్తర భాగంలో, ఇలాంటివి పాత షెడ్లలో ఇంకా బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఇది మంచు గుట్టల మీద దూకించే రకం కాదు, కట్టెలు లాగడానికి, గడ్డకట్టిన చెరువు మీదికి చేపలు పట్టే గుడిసెని లాక్కెళ్ళడానికి చేసిన బండి. మా వీధి చివర ఉండే పెద్దాయన దీన్ని ఏళ్ళ తరబడి అలాగే వాడాడు. పోయిన మార్చిలో గుడిసె వెనక్కి తెస్తుంటే ఉన్నట్టుండి లాగుడు తగ్గి ఇంజన్ ఆగిపోయిందట. చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయింది గానీ ముందున్న బలం లేదు. ఆయనకి ఇక దాంతో కుస్తీ పట్టే ఓపిక లేదు, చాలా తక్కువకే నాకు ఇచ్చేశాడు.

స్నోమొబైల్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం: ముందు రెండు స్కీలు, వెనక పళ్ళున్న రబ్బరు ట్రాక్, ముందు బానెట్ కింద టూ స్ట్రోక్ ఇంజన్. ఈ బండిలోది రోటాక్స్ 503, ఆస్ట్రియాలోని గున్స్‌కిర్ఖెన్ ఫ్యాక్టరీది. రెండు సిలిండర్లు, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 72 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 61 మి.మీ., మొత్తం 497 సీసీ. రేడియేటర్ లేదు, బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఒకటి రేకు తొడుగు లోపల నుంచి సిలిండర్ల రెక్కల మీదికి గాలి తోస్తుంది. కామ్ లేదు, వాల్వులు లేవు, రీడ్ వాల్వు కూడా లేదు, పిస్టన్ అంచే ఇన్‌లెట్ రంధ్రాన్ని తెరిచి మూస్తుంది. చిన్న అల్ట్రాలైట్ విమానాల్లో కూడా ఈ 503నే వాడారు కాబట్టి కొలతలకీ మాన్యువళ్ళకీ కొరత లేదు, అది నాకు పెద్ద ఊరట.

టాప్ ఎండ్ అంటే క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే కింది పెట్టె) పైన ఉన్నదంతా: హెడ్లు, సిలిండర్లు, పిస్టన్లు, రింగులు, పిన్నులు. టూ స్ట్రోక్‌లో ఇంట్లో చేసుకోగలిగిన పని ఇది, స్పానర్లు, ఒక టార్క్ రెంచ్, కొంచెం ఓర్పు ఉంటే చాలు. కానీ ఒక విషయంలో మాత్రం ముందే గట్టిగా అనుకున్నాను: పిస్టన్ ఎందుకు పోయిందో తేలేదాకా కొత్త పిస్టన్ కొనేది లేదు. పిస్టన్ కిట్ వేసి, స్టార్ట్ చేసి, వీడియో తీసి, రెండు వారాల్లో మళ్ళీ అదే సిలిండర్ పట్టేసిన, అంటే పిస్టన్ గోడకి ఇరుక్కుపోయిన, బండ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. పిస్టన్ దానంతటది పోదు, దాన్ని ఏదో ఒకటి చంపుతుంది.

మొదట చేసింది కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్ ఎంత ఒత్తిడి నిలబెడుతుందో చూడడం. ప్లగ్గులు రెండూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లు ఇక కదలనంతవరకూ తాడు లాగాను. మాగ్నెట్ వైపు సిలిండర్ (ఫ్యాన్, తాడు ఉండే వైపు) 120 పీఎస్ఐ. క్లచ్ వైపుది (దానికి అవతలిది) 75. రెండింటి మధ్య పదిశాతం తేడా ఉంటేనే ఆలోచించాలి, ఇది ఆ దశ దాటిపోయింది. ఇంజన్ విప్పాల్సిందే.

అదే వారం, శనివారం

తెనాలిలో మా బాబాయ్‌కి టూ వీలర్ షెడ్డు ఉంది. ఆర్ఎక్స్ 100లు, పాత సుజుకీలు ఆయన చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్క లేదు. స్నోమొబైల్ ఆయన చూడలేదు, మంచు కూడా చూడలేదు, కానీ టూ స్ట్రోక్ ఎక్కడైనా టూ స్ట్రోకే కదా. వీడియో కాల్ చేసి చూపించాను.

"కంప్రెషన్ సంగతి సరే అబ్బాయ్, ముందు ఇది చెప్పు. రైజింగ్ ఇచ్చి వదిలేస్తే టక్కున దిగుద్దా, అట్టాగే నిలబడుద్దా?"

"నేను నడపలేదు బాబాయ్, పెద్దాయన్ని అడగాలి."

"అడుగు. నిలబడుద్దంటే గాలి పీలుస్తోంది. కార్బేటర్ దాటినాక ఎక్కణ్ణుంచో దొంగ గాలి. విప్పినాక దొరకదు అది, విప్పకముందే పట్టుకోవాలి."

పెద్దాయన్ని అడిగాను. ఆయన వెంటనే అన్నాడు, అవును, పోయిన సీజన్ మొత్తం థ్రాటిల్ వదిలినా ఇంజన్ వెంటనే దిగేది కాదు, కాసేపు అరిచి అప్పుడు దిగేది, కేబుల్ పట్టేస్తోందనుకుని దానికి నూనె వేశాను అని. నాకు అప్పుడే సగం విషయం తేలినట్టనిపించింది.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, కార్బొరేటర్ తన గుండా వెళ్ళే గాలిని బట్టే పెట్రోల్ ఇస్తుంది. దాని తర్వాత ఎక్కడో పగులు ఉండి గాలి లోపలికి వస్తే ఆ గాలి లెక్క కార్బొరేటర్‌కి తెలియదు, దానికి తగ్గ పెట్రోల్ రాదు. మిశ్రమం పలచబడుతుంది. పలచబడితే ఇంజన్ వేడెక్కుతుంది, ఆవిరవుతూ పిస్టన్‌ని చల్లబరచాల్సిన పెట్రోల్ కూడా తగ్గిపోతుంది. 72 మి.మీ. అల్యూమినియం పిస్టన్ నూరు డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 0.15 మి.మీ. ఉబ్బుతుంది. దానికీ సిలిండర్ లోపలి ఇనుప గోడకీ, అంటే లైనర్‌కీ, మధ్య ఉండే సందు అందులో సగం మాత్రమే. లైనర్ కూడా వేడికి కొంచెం వ్యాకోచిస్తుంది గానీ ఇనుము అల్యూమినియం అంత ఉబ్బదు, పైగా బయట ఫ్యాన్ గాలి దాన్ని చల్లగా ఉంచుతుంటుంది. ఇక పిస్టన్‌కి కదలడానికి చోటెక్కడిది?

నవంబర్ రెండో వారం

సైలెన్సర్ స్ప్రింగులు, కార్బ్, కేబుళ్ళు, వైర్లు అన్నీ ఊడదీసి ఒక్కోదానికి టేపు ముక్క అంటించి గుర్తు రాశాను. ఇంజన్‌ని మిత్రుడితో కలిసి బయటికి ఎత్తి బల్ల మీద పెట్టాం. ఫ్యాన్ తొడుగు విప్పగానే ఎలుక గూడు బయటపడింది. గడ్డి, సీటు నుంచి కొరుక్కొచ్చిన స్పాంజి, పైన్ గింజల తొక్కలు, అన్నీ కలిపి రెక్కల మధ్య గట్టిగా కూరి ఉన్నాయి. ఇక్కడ ఇది మామూలే, వేసవంతా బండి షెడ్డులో కదలకుండా ఉంటే ఎలుకలకి అంతకంటే వెచ్చని ఇల్లు దొరకదు.

మిత్రుడు అక్కడికక్కడే తేల్చేశాడు, దొరికింది కదా కారణం, గాలి ఆడక వేడెక్కింది అని. నేను ఒప్పుకోలేదు. గూడు ఉన్నది ఫ్యాన్‌కి దగ్గరగా, మాగ్నెట్ వైపు సిలిండర్ రెక్కల్లో. కంప్రెషన్ పోయింది క్లచ్ వైపు. గూడు కారణమైతే మొదట దెబ్బతినాల్సింది 120 చూపించిన సిలిండర్. పైగా పెద్దాయన చెప్పిన ఇంజన్ దిగకపోవడం ఎలుక గూడు వల్ల రాదు. గూడు ప్రమాదమే, తీసి పారేశాను, రెక్కలన్నీ బ్రష్‌తో తోమాను, కానీ నేరం దాని మీద వేసి ఊరుకుంటే అసలు దొంగ మిగిలిపోతాడు.

అందుకే హెడ్లకి చెయ్యి వెయ్యకముందు ప్రెషర్ టెస్టు. దీనికి ఖరీదైన సామానేం అక్కర్లేదు. ఎగ్జాస్ట్ రంధ్రాలకి రబ్బరు షీటు, దాని మీద చిన్న ఇనుప పలకలు బిగించాను. కార్బ్ కూర్చునే రబ్బరులో ఒక బిరడా దిగ్గొట్టి క్లాంపు వేశాను, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బ్ నుంచి సిలిండర్లకి మిశ్రమం తీసుకెళ్ళే గొట్టం), దాని గాస్కెట్లు, ఆ రబ్బరు కూడా పరీక్షలోకి రావాలి కాబట్టి వాటిని విప్పకూడదు. ఒక ప్లగ్ రంధ్రం నుంచి చేతి పంపుతో గాలి కొట్టి, చిన్న గేజ్ పెట్టాను. 6 పీఎస్ఐ చాలు, పది దాటితే క్రాంక్ సీళ్ళకే (క్రాంక్ రెండు చివర్లలో గాలి ఆపే వలయాలకే) ప్రమాదం, కంప్రెసర్ గొట్టం నేరుగా పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. బాగున్న ఇంజన్ నిమిషానికి ఒక పీఎస్ఐ కంటే ఎక్కువ పోగొట్టుకోకూడదు. నాది ఆరు నుంచి సున్నాకి నేను చూస్తుండగానే దిగిపోయింది.

సబ్బు నీళ్ళు స్ప్రే బాటిల్‌లో పోసి మొదలుపెట్టాను. ముందు క్రాంక్ సీళ్ళు, మనసులో భయమంతా వాటి మీదే, ఎందుకంటే అవి పోతే క్రాంక్‌కేస్ రెండుగా చీల్చాలి, అప్పుడిది టాప్ ఎండ్ పని కాదు. రెండు వైపులా ఒక్క బుడగ లేదు. క్రాంక్‌కేస్ అతుకు దగ్గర లేదు. బేస్ గాస్కెట్లు బాగున్నాయి. కార్బ్ రబ్బరు పైన పగుళ్ళు కనిపించాయి గానీ అవి లోపలిదాకా వెళ్ళలేదు, అయినా మార్చేస్తాను. చివరికి ఇన్‌టేక్ మానిఫోల్డ్, క్లచ్ వైపు సిలిండర్‌కి అతుక్కునే చోట, కింది మూల నుంచి తెల్లటి నురగ పొంగింది, ఆగకుండా, గిన్నెలో పాలు పొంగినట్టు. వేలు పెట్టి నొక్కితే గేజ్ ముల్లు దిగడం ఆగింది. వేలు తీస్తే మళ్ళీ దిగింది.

ఫోటో పంపితే బాబాయ్ ఒక్క మాటే పెట్టాడు: "దొరికాడు. ఇప్పుడు విప్పు."

నవంబర్ మూడో వారం

హెడ్ల నట్లు ఒకేసారి పూర్తిగా వదులు చెయ్యకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పి తీశాను. పిస్టన్లు పైన చూస్తేనే తేడా తెలుస్తోంది. మాగ్నెట్ వైపు పిస్టన్ తల మీద ముదురు గోధుమ రంగు మసి, అంచుల్లో ట్రాన్స్‌ఫర్ రంధ్రాల ఎదురుగా శుభ్రంగా కడిగినట్టున్న జాగా. తాజా మిశ్రమం లోపలికి వస్తూ అక్కడ కడుగుతుంది, ఆ జాగా కనిపిస్తోందంటే పెట్రోల్ బాగానే అందుతోందని. క్లచ్ వైపుది లేత రంగు, పొడిగా ఉంది, కడిగిన జాగా దాదాపు లేదు.

సిలిండర్ పైకి లాగాక అసలు దెబ్బ కనిపించింది. ఎగ్జాస్ట్ వైపు స్కర్టు (పిస్టన్ పక్క గోడ) మీద పై నుంచి కింది దాకా గీతలు, లోహం కరిగి పూసినట్టు మెరుస్తోంది, కింది రింగు ఒక చోట గాడిలోనే చిక్కుకుపోయి బయటికి రావట్లేదు. ఇన్‌లెట్ వైపు మాత్రం ఫ్యాక్టరీ యంత్రపు సన్న గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. నూనె అందక పట్టేస్తే చుట్టూతా గీసుకుంటుంది, ఇలా ఒక్క ఎగ్జాస్ట్ వైపే కాలడం అతి వేడికి గుర్తు. నూనె పంపు నుంచి వచ్చే గొట్టాలు కూడా విడిగా చూశాను, రెండింట్లోనూ నూనె నిండుగా ఉంది, కింద కనెక్టింగ్ రాడ్ బేరింగులు తడిగా మెరుస్తున్నాయి.

క్రాంక్‌కేస్ నోట్లో శుభ్రమైన గుడ్డ కూరాను. ఇది మర్చిపోవద్దు, పిస్టన్ పిన్ను జారకుండా పట్టే చిన్న లాకు ఒకటి ఎగిరి లోపల పడితే దాని కోసం ఇంజన్ మొత్తం విప్పాలి. రాడ్లు రెండూ పట్టుకుని పైకీ కిందకీ లాగి చూశాను, లూజు ఏమాత్రం లేదు. పక్కకి కొంచెం కదలిక ఉంటుంది, ఉండాలి కూడా, అది ఫీలర్ గేజ్‌తో కొలిస్తే మాన్యువల్ హద్దులోనే ఉంది. క్రాంక్‌ని మెల్లగా తిప్పితే గరగర లేదు. కింది భాగం బతికే ఉంది.

సిలిండర్ గోడకి అతుక్కున్న అల్యూమినియం తియ్యాలి. దీనికి ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో దొరికే మ్యూరియాటిక్ యాసిడ్ వాడతారు, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. చెవి పుల్ల ముంచి ఆ మరక మీద మాత్రమే రాస్తే బుసబుసమని నురగ వస్తుంది, అల్యూమినియం కరిగేంతసేపూ నురగ ఉంటుంది, ఇనుము దాకా వచ్చేసరికి ఆ పొంగు పడిపోతుంది. బయట గాలిలో చెయ్యాలి, కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. సిలిండర్ బయటి ఒళ్ళు, రంధ్రాల గోడలు అల్యూమినియమే కాబట్టి చుక్క కూడా అటు పాకకూడదు. అయిపోగానే వంట సోడా నీళ్ళతో కడిగి, మామూలు నీళ్ళతో కడిగి, వెంటనే నూనె రాశాను, లేకపోతే ఇనుప లైనర్ పది నిమిషాల్లో తుప్పు రంగు తిరుగుతుంది.

మరక పోయాక కింద ఏముందో తెలిసింది. గోరు అడ్డంగా లాగితే రెండు చోట్ల తగులుకుంటోంది. అంటే ఉత్త హోనింగ్‌తో (రాళ్ళతో గోడని సన్నగా రుద్దడంతో) పోదు, బోర్ చేయించాల్సిందే, అంటే లోపలి గోడని కోసి కొంచెం పెద్దది చేయించాలి.

కొలతలు గరాజ్‌లో తియ్యలేదు. బయట మైనస్ పన్నెండు, గరాజ్‌లో హీటర్ పక్కన వేడి, మూలన చలి, అలాంటి చోట మైక్రోమీటర్ చెప్పే అంకె దేనికీ పనికిరాదు. సిలిండర్లు, పిస్టన్లు, మైక్రోమీటర్, బోర్ గేజ్ అన్నీ ఒక రాత్రంతా వంటింటి బల్ల మీద ఉంచాను, అన్నిటికీ ఒకే ఉష్ణోగ్రత రావాలని. మా ఆవిడ బల్ల మీద పాత బెడ్‌షీటు పరిచాకే ఒప్పుకుంది. పొద్దున్నే ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యలో, కింద, అటొకసారి ఇటొకసారి కొలిచాను. మాగ్నెట్ వైపుది అరుగుదల హద్దులోనే ఉంది. క్లచ్ వైపుది ఎగ్జాస్ట్ రంధ్రం పైన గుండ్రతనం తప్పింది.

బాగున్న సిలిండర్‌ని వదిలేసి పాడైనదొక్కటే బోర్ చేయిస్తే డబ్బు మిగులుతుంది, కొందరు అలాగే చేస్తారు. నాకు ఇష్టం లేదు. ఒక పక్క ఓవర్‌సైజు, అంటే కొంచెం పెద్ద, బరువైన పిస్టన్, ఇంకో పక్క పాతది పెట్టి అదే క్రాంక్ మీద తిప్పడం నాకు సబబుగా అనిపించలేదు. రెండూ 0.50 ఓవర్‌సైజుకి, అంటే 72.50 మి.మీ. బోర్‌కి వెళ్ళేవే. ఇప్పుడు కారణం తెలుసు కాబట్టి కిట్లు ఆర్డర్ చేశాను.

డిసెంబర్ మొదట్లో

పిస్టన్లు చేతికొచ్చాకే మెషీన్ షాపుకి వెళ్ళాను. ఈ వరస ముఖ్యం. ఓవర్‌సైజు అని పెట్టె మీద రాసిన అంకెకి బోర్ చెయ్యమని చెప్పకూడదు, పిస్టన్‌ని ఇచ్చి, దాన్ని స్కర్టు దగ్గర కొలిచి, దానికి ఇంత సందు ఇచ్చి బోర్ చెయ్యండి అని చెప్పాలి. మనూళ్ళో లేత్ దగ్గర బాబాయ్ కూడా ఇదే పద్ధతి, పిస్టన్ పక్కన పెట్టనిదే బోరింగ్ మొదలుపెట్టనివ్వడు. ఫ్యాన్ మీద చల్లబడే ఇంజన్‌కి నీళ్ళ ఇంజన్ కంటే సందు కాస్త ఎక్కువే ఉండాలి. పిస్టన్ కిట్‌లో ఇచ్చిన కాగితం ప్రకారం చేయించాను, ఇంటికొచ్చి మళ్ళీ కొలిస్తే రెండూ 0.08 మి.మీ. దగ్గరికి వచ్చాయి.

ఇంకో విషయం నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాసిచ్చాను: బోర్ అయ్యాక ప్రతి రంధ్రం అంచు పదునునీ కొంచెం అరగదీయాలి. కార్ల సిలిండర్‌కి గోడలో రంధ్రాలు ఉండవు కాబట్టి కార్ల ఇంజన్లే చేసే షాపుల్లో ఈ అలవాటు ఉండదు. టూ స్ట్రోక్‌లో రింగు నిమిషానికి వేలసార్లు ఆ రంధ్రాల మీద నుంచి జారుతుంది, ప్రతిసారీ కొంచెం బయటికి ఉబుకుతుంది, అంచు కత్తిలా ఉంటే రింగు తగులుకుని విరుగుతుంది. ఇంటికొచ్చాక వేలితో అన్ని అంచులూ తడిమాను. ఒక ట్రాన్స్‌ఫర్ రంధ్రం పై మూల ఇంకా కొంచెం గరుగ్గా అనిపిస్తే సన్న ఎమరీ రాయితో నేనే సరిచేశాను.

తర్వాత కడగడం. పిట్రోలు, థిన్నర్ చాలవు, హోనింగ్ పొడి ఆ సన్న గీతల్లో కూర్చుని ఉంటుంది. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి బ్రష్. కడిగి, తుడిచి, నూనె అద్దిన తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు వస్తుంది. మళ్ళీ కడగాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. ఇంత చేసి ఇక్కడ తొందరపడితే ఆ పొడే కొత్త రింగుల్ని మొదటి గంటలోనే అరగదీస్తుంది.

దొంగ గాలి సంగతి కూడా తేల్చాలి కదా. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ని మందపాటి గాజు పలక మీద పెట్టి ఫీలర్ గేజ్ తోస్తే క్లచ్ వైపు మూలన దూరింది. ముఖం వంకర పోయింది, బోల్టులు ఎంత బిగించినా గాస్కెట్ ఆ మూల నొక్కుకోదు. గాజు మీద 400 నంబరు నీటి ఎమరీ కాగితం పరిచి, దాని మీద నూనె వేసి, మానిఫోల్డ్‌ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. ముందు మార్కర్‌తో ముఖమంతా నలుపు పూశాను, ఎత్తున్న చోట నలుపు ముందు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. ఆ కింది మూలన నల్ల మచ్చ చిన్నదవుతూ చిన్నదవుతూ పోయిన క్షణం ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ సంతోషమిచ్చింది. పిస్టన్లు ఎవరైనా కొని వెయ్యగలరు, ఇంజన్‌ని చంపిన చోటు ఇదే.

డిసెంబర్ మధ్యలో

బిగింపు. రింగులు ముందు పిస్టన్‌కి ఎక్కించకుండా ఒట్టి సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో అడ్డం లేకుండా కిందికి తోసి, చివర్ల మధ్య సందు కొలిచాను: 0.30 దగ్గర. 0.20 కంటే తగ్గకూడదు, తగ్గితే వేడికి చివర్లు రెండూ ఢీకొంటాయి. తర్వాత పిస్టన్ గాడిలో ఉన్న చిన్న పిన్నుకి రింగు చివర్లు సరిగ్గా అటూ ఇటూ కూర్చోవాలి, రింగు తిరిగి దాని నోరు రంధ్రం మీదికి రాకుండా కాపాడేది ఆ పిన్నే.

పిస్టన్ తల మీద బాణం ఎగ్జాస్ట్ వైపు. నీడిల్ బేరింగ్‌కి నూనె, పిన్నుకి నూనె. లాకులు ఎప్పుడూ కొత్తవే, పాతవి ఎంత బాగా కనిపించినా వాడకూడదు. లాకు నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి కాదు, పిస్టన్ కింద మీద కొట్టుకునే ఊపుకి పక్కకున్న లాకు ముడుచుకుని ఊడిపోగలదు. కూర్చున్నాక చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూశాను, గాడిలో పూర్తిగా దిగిందని చెవికి కూడా టిక్‌మని తెలుస్తుంది. బాబాయ్ వీడియోలో చూస్తూ "గుడ్డ పెట్టావా చాంబర్‌కి?" అని రెండుసార్లు అడిగాడు.

"పెట్టాను బాబాయ్, చూడు."

"సరే. రింగుని వేళ్ళతోనే నొక్కు, స్క్రూడ్రైవర్ పెట్టి తొయ్యమాకు. దిగకపోతే ఆగు, బలం వాడమాకు."

సిలిండర్లు కూర్చున్నాక వెంటనే బిగించెయ్యకూడదు. 503లో రెండు సిలిండర్లూ వేర్వేరు ముక్కలు, నట్లు వదులుగా ఉన్నప్పుడు అవి కొద్దిగా తిరుగుతాయి. అలా తిరిగినవాటిని అలాగే బిగిస్తే తర్వాత మానిఫోల్డ్ వంకరగా కూర్చుంటుంది, మళ్ళీ గాలి లీకు. నా ఊహ ప్రకారం పాత మానిఫోల్డ్ వంకర పోవడానికి మూలం కూడా ఇదే, ఎవరో ఎప్పుడో ఈ ఇంజన్‌ని విప్పి ఈ మెట్టు వదిలేసి ఉంటారు, బేస్ గాస్కెట్ ఫ్యాక్టరీది కాకపోవడం ఆ అనుమానాన్ని పెంచింది. కాబట్టి హెడ్ నట్లు చేతి బిగింపు వరకే ఉంచి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ముందు బిగించాను, సిలిండర్ల ముఖాలు రెండూ ఒక గీత మీదికి వచ్చాయి, అప్పుడు హెడ్ నట్లు ఎదురెదురు వరసలో, మూడు విడతలుగా 22 న్యూటన్ మీటర్ల దాకా. తర్వాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ కొత్త గాస్కెట్‌తో, కొత్త కార్బ్ రబ్బరుతో.

మళ్ళీ ప్రెషర్ టెస్టు. చాలామంది దీన్ని ఒక్కసారి చేసి వదిలేస్తారు, కానీ బిగించాక చేసేదే అసలు పరీక్ష. 6 పీఎస్ఐ కొట్టి, లోపలికెళ్ళి టీ పెట్టుకుని వచ్చాను. ముల్లు ఐదున్నర మీద ఉంది.

డిసెంబర్ చివర

కార్బ్ విప్పి జెట్లన్నీ (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) కడిగాను, పైలట్ జెట్‌లో పాత పెట్రోల్ జిగురు ఉంది. నూనె పంపు గొట్టాల్లో గాలి బుడగలు తీసేశాను, పంపు మీద గుర్తు, కేబుల్ గుర్తు ఒకదానికొకటి సరిపోయాయి. పెట్రోల్ విషయంలో ఇక్కడొక సౌకర్యం ఉంది. మినసోటాలో మామూలు పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతారు, కానీ స్నోమొబైళ్ళు, పాత కార్లు, చిన్న ఇంజన్ల కోసం ఇథనాల్ లేని 91 ఆక్టేన్ పెట్రోల్ చాలా బంకుల్లో విడిగా అమ్ముతారు. ఇథనాల్ మిశ్రమాన్ని కొంచెం పలచబరుస్తుంది, చెమ్మ పీలుస్తుంది, కొత్త పిస్టన్లతో ఆ తలనొప్పి నాకెందుకు. మొదటి ట్యాంకులో పంపు ఇచ్చే నూనె కాకుండా అదనంగా అర లీటరు టూ స్ట్రోక్ ఆయిల్ కలిపాను.

తాడు లాగితే చేతికి తెలిసిపోయింది, ముందున్న మెతకదనం లేదు. చోక్ తీసి, ఇంకోసారి లాగితే పట్టుకుంది. నీలం పొగ గరాజ్ తలుపు కింద నుంచి బయటికి పారింది, ఆ వాసనకి తెనాలి షెడ్డే గుర్తొచ్చింది. థ్రాటిల్ కొంచెం తెరిచి వదిలాను. టక్కున దిగింది. మళ్ళీ తెరిచి వదిలాను, మళ్ళీ టక్కున దిగింది. బాబాయ్‌కి వినిపించాలని ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టాను, ఆయన ఏం మాట్లాడకుండా విన్నాడు, తర్వాత "ఇప్పుడు బండి" అన్నాడు.

హెడ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా ఉంచి ఆపేశాను. పూర్తిగా చల్లారాక మళ్ళీ. ఇలా కొన్నిసార్లు వేడి చేసి చల్లార్చి, చివరికి రాత్రంతా చల్లారనిచ్చి, హెడ్ నట్లు మళ్ళీ 22కి చూశాను. మూడు నట్లు కొంచెం కొంచెం తిరిగాయి. గాస్కెట్లు నొక్కుకుని కూర్చుంటాయి, అందుకే ఈ రెండో బిగింపు.

జనవరి

చెరువు మీద కొత్త గట్టి మంచు స్నోమొబైల్‌కి కనీసం 5 నుంచి 7 అంగుళాలు ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. నేను డ్రిల్‌తో చాలా చోట్ల చూసుకున్నాకే దిగాను. మొదటి ట్యాంకంతా సగం థ్రాటిల్ దాకా, అప్పుడప్పుడూ కొంచెం ఎక్కువ ఇచ్చి వెంటనే వదలడం, ఒకే వేగంలో ఎక్కువసేపు లాగకుండా. బరువేమీ కట్టలేదు. ట్యాంకు అయ్యాక కంప్రెషన్ చూస్తే రెండు వైపులా 130 పీఎస్ఐ దగ్గర, ఒకదానికొకటి మూడు పాయింట్ల లోపు తేడా. ప్లగ్గులు రెండూ కాఫీ గింజ రంగులో ఉన్నాయి, రెండిటి రంగులోనూ తేడా చెప్పలేను, నాకు కంప్రెషన్ అంకె కంటే ఇది ఎక్కువ నమ్మకం ఇచ్చింది.

ఈ వారం చలి మైనస్ 28 దాకా దిగుతుందంటున్నారు. చలి పెరిగితే గాలి చిక్కబడుతుంది, అదే జెట్‌తో మిశ్రమం పలచనవుతుంది, ఇంజన్ మళ్ళీ అదే వేడి వైపు పోతుంది. మాన్యువల్‌లో ఉష్ణోగ్రతకీ మెయిన్ జెట్‌కీ పట్టిక ఉంది. దాని ప్రకారం ఒక సైజు పెద్ద జెట్ నిన్న సాయంత్రం వేశాను, పాతది చిన్న కవర్లో పెట్టి బానెట్ లోపల టేపుతో అంటించాను, మార్చి వచ్చేసరికి మళ్ళీ అదే కావాలి. రెండో ట్యాంకు నుంచి పెట్రోల్‌లో నూనె కలపట్లేదు, పంపు మీదే నడుస్తోంది, నూనె డబ్బాలో మట్టం ఎంత దిగుతోందో పెన్నుతో గీత పెట్టి చూస్తున్నాను.